బంజరు పేరు

కొప్పాడి పియేరుకు ఆస్తిపాస్తులంటూ పెద్దగా ఏమీ లేవు. జొన్నలరేవు పురపాలక సంఘంలో నీళ్ళ వాల్వులు తిప్పే ఉద్యోగం, రెండు గదుల పెంకుటిల్లు, నూకరత్నం అనే భార్య, ఆ భార్య ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నోట పలకని ఒక పేరు. అంతే.

ఆ పేరు దొరగారిచ్చింది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న జొన్నలరేవు ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ కింద ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ ఇంగ్లీషువాళ్ళు ఏలితే తమని మాత్రం ఫ్రెంచివాళ్ళు ఏలారని జొన్నలరేవు వాళ్ళకి ఇప్పటికీ కాస్త అతిశయం. ఏలించుకోవటంలో కూడా తాహతు ఉంటుందని వాళ్ళ నమ్మకం. పియేరు తాత ఆఖరి దొర దగ్గర వంటవాడు. దొర ఓడ ఎక్కేరోజున జేబులు తడుముకుని, ఇవ్వటానికి ఏమీ తగలక, "నా పేరు ఉంచుకో. మీ ఇంట్లో పుట్టే మగపిల్లాడికి పెట్టుకో" అన్నాడట. ఆ తరవాత ఆ ఇంట్లో వరసగా ఐదుగురు ఆడపిల్లలు పుట్టారు. పేరు పదకొండేళ్ళు అటక మీదే ఉండిపోయింది. చిట్టచివరికి ఒక మనవడు పుడితే, దాన్ని దించి, దుమ్ము దులిపి వాడికి తొడిగారు. కొంచెం వదులైంది.

ఫ్రాన్సులో పియేరంటే మన సుబ్బయ్యలాంటి పేరే. వీధికి నలుగురుంటారు. జొన్నలరేవులో మాత్రం ఒక్కడే ఉన్నాడు. వచ్చిన చిక్కంతా ఆ ఒక్కడవటం వల్లే వచ్చింది.

ఆ ఏడాది ప్రభుత్వానికి సోదర నగరాల మీద మనసైంది. రాష్ట్రంలోని ప్రతి పురపాలక సంఘమూ తొంభై రోజుల్లో ఒక విదేశీ నగరంతో సోదరబంధం కలుపుకోవాలనీ, లేకపోతే గ్రేడు తగ్గించేస్తామనీ, ఆ నగరం రాజధాని అయితే పది మార్కులు ఎక్కువిస్తామనీ ఉత్తర్వు వచ్చింది. వారం తిరక్కుండా పెద్ద రాజధానులన్నీ అయిపోయాయి. బస్టాండు లేని ఊరు టోక్యోకి తమ్ముడైంది. మురుక్కాలవలు లేని ఊరికి పారిస్ దక్కింది. జొన్నలరేవు కమిషనరు త్రివిక్రమరావుగారు తీరిగ్గా కళ్ళు తెరిచేసరికి ప్రపంచంలో రాజధానులు నిండుకున్నాయి.

ఆయన అట్లాసు ముందేసుకుని ఎనభై నాలుగో రోజు దాకా కూర్చున్నారు. ఎనభై అయిదో రోజున దొరికింది. అమెరికాలో దక్షిణ డకోటా అని ఒక రాష్ట్రం, దానికి రాజధాని పియేరు. పెద్ద నది ఒడ్డున ఉంది. జనాభా పద్నాలుగు వేలు. జొన్నలరేవులో సగం కూడా లేదు. చేపల బజారు వార్డునీ, దాని పక్క వార్డునీ కలిపితే వాళ్ళ రాజధాని. ఊరు చిన్నది, హోదా పెద్దది. కమిషనరుగారికి ఇది మహా నచ్చింది, ఆయన మనిషి కూడా అయిదడుగులకి మించరు.

దరఖాస్తులో ఒక గడి మిగిలింది: 'సోదరబంధమునకు ఆధారము.' భాషా కలవదు, తిండీ కలవదు. కమిషనరుగారు పెన్ను కొరుకుతూ జీతాల పట్టీ తిరగేస్తుంటే నీటి విభాగంలో, చిట్టచివర, కనపడింది ఆ పేరు.

కబురొచ్చేసరికి పియేరు పనిలో ఉన్నాడు. వాల్వు తిప్పే పొడుగాటి ఇనప తాళం భుజానే వేసుకుని కమిషనరుగారి గదిలోకి వెళ్ళాడు.

"నువ్వేనా పియేరువి?"

"ఆయ్, నేనేనండి. సొంతపేట లైనుకి నీళ్ళు లేటవడం నా తప్పు కాదండి. మోటారు..."

"నీళ్ళ ప్రసక్తి కాదు. నీ పేరుతో అమెరికాలో ఒక రాజధాని ఉన్న విషయం నీ దృష్టికి వచ్చిందా?"

పియేరు తాళాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చాడు. "నాకు సెప్పకుండా పెట్టేసుకున్నారండి బాబూ. నేనెక్కడా సంతకం పెట్టలేదండి."

"నిన్నెవరూ తప్పుపట్టటం లేదు. పూర్వం ఒక తోళ్ళ వ్యాపారి పేరు. దాన్నే ఆ ఊరికి పెట్టారు."

"మాదైతే వంటోళ్ళ కుటుంబవండి," అన్నాడు పియేరు, కాస్త ధైర్యం తెచ్చుకుని. "అక్కడ నీళ్ళు రోజూ వత్తాయాండీ?"

"అది మన అజెండాలో లేదు," అన్నారు కమిషనరుగారు.

ఆ ఊరికి ఒక ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా పెద్దలు, సగం అంగీకారం వచ్చినట్టు ఫైల్లో నమోదైంది. ఇంకో ఉత్తరం రాశారు. దానికీ జవాబు రాలేదు. మిగతా సగం కూడా వచ్చేసింది. కౌన్సిల్ మీటింగులో ఎవరో సభ్యుడు లేచి, ఆ ఊరివాళ్ళు తమ ఊరిని 'పీర్' అంటారట కదా అని అడిగాడు. "వాళ్ళ ఊరి పేరు పలకటం వాళ్ళకి రాకపోతే దానికి ఈ సంఘం బాధ్యత వహించజాలదు," అన్నారు కమిషనరుగారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

సోదరబంధ మహోత్సవం నాడు పియేరుకు శాలువా కప్పారు. ఎవరు ఏమనుకున్నా, శాలువా చాలా చెడ్డ వస్తువు. భుజం మీద పడేదాకా అందరూ మంచివాళ్ళే. మర్నాటి నుంచి పియేరు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడటం మొదలుపెట్టాడు. టీకొట్టు దగ్గర ఎండ గురించి మాట వస్తే, "మా ఊళ్ళో ఇప్పుడు మంచు పడతా ఉంటది," అనేవాడు. ఎవరైనా నవ్వితే వాళ్ళకి లోకజ్ఞానం తక్కువని జాలిపడేవాడు. ఉన్న ఊరి పొలిమేర సరిగ్గా దాటని మనిషి, చూడని ఊరి చలికి మఫ్లరు కూడా కొన్నాడు.

"ఏవయ్యో, మీ ఊరి మంచు సంగతి సరేగానీ, మన దొడ్లో కుళాయి కారిపోతంది సూడు," అంది నూకరత్నం.

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది. ఆమె ఆ మాటని చాలా గట్టిగా పట్టుకుంది. రేషన్ షాపులో "మీ ఆయన పేరేంటమ్మా" అనడిగితే పక్కనున్నావిడని మోచేత్తో పొడిచేది, ఆవిడ చెప్పేది. పక్కన ఎవరూ లేని రోజున బియ్యం తెచ్చుకోకుండానే తిరిగొచ్చేసింది.

పదిహేను రోజులకి మొదటి సర్క్యులరు వచ్చింది. 'యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, పియేరు అను పేరు ఒక రాజధానికి చెందినదైనందున, సదరు పేరును ఏకవచనముతో గాని, కోపముతో గాని, వీధి చివర నుండి కేకవేసి గాని ఉచ్చరించరాదు. ఉల్లంఘించినవారు అంతర్జాతీయ సంబంధములకు విఘాతము కలిగించినవారగుదురు.'

ఇది తగలవలసినవాడికే తగిలింది. నీటి విభాగం మేస్త్రీ పుల్లంరాజు ఇరవై రెండేళ్ళుగా రోజుకి పదిసార్లు, పైన చెప్పిన మూడు పద్ధతుల్లోనూ ఒకేసారి ఆ పేరు పలుకుతున్నాడు. సర్క్యులరు వచ్చిన మర్నాడే అలవాటు కొద్దీ హాజరు పట్టీలో 'పియేరు నిద్రపోతున్నాడు' అని రాశాడు. ఒక రాజధాని మీద ఇంతటి అభియోగం మోపినందుకు ఆయనకి మెమో వచ్చింది. ఆ దెబ్బకి పుల్లంరాజు ఆ పేరే వదిలేశాడు. "ఇదిగో, నీళ్ళాయనా!" అని పిలవటం మొదలెట్టాడు. పియేరుకు ఇది గౌరవంలాగే అనిపించింది. అతని తెలివితేటలు అప్పటికి అంతవరకే ఉన్నాయి.

తరవాత రాజధాని నుంచి, అంటే మన రాజధాని నుంచి, ఒక న్యాయసలహా దిగింది. ఒకే పేరుకు ఇద్దరు అనుభవదారులుండటం సోదరబంధానికి మంచిది కాదనీ, అందులో ఒకరు రాజధాని, ఇంకొకరు నాలుగో తరగతి ఉద్యోగి కావటం మరీ బాగాలేదనీ, రాజధానిని తప్పుకోమనే అధికారం మనకి లేదు గనక రెండోవారిని తప్పించటమే మార్గమనీ దాని సారాంశం. రోడ్డు వెడల్పుకు ఇంటి జాగా తీసుకుంటారు కదా, అదే పద్ధతిలో పేరు తీసుకోవచ్చునన్నారు. ఒక్కటే మినహాయింపు. వాడుకలో ఉన్న పేరును తీసుకోకూడదు. వాడుకలో లేని పేరైతే బంజరు కింద లెక్క.

పియేరు ఇంటి తలుపుకి నామసేకరణ నోటీసు అంటించారు. పక్కింటాయన చదివి వినిపిస్తే పియేరు నవ్వేశాడు. "వాడుకలో లేకపోడవేంటండి? యాభై ఎనిమిదేళ్ళ నించీ వాడతన్నాను గదా!"

ఆ ముక్కే తేల్చటానికి భూముల శాఖ నుంచి ఒక సర్వేయరు వచ్చాడు. అలవాటు చొప్పున పొలాలు కొలిచే గొలుసు కూడా తెచ్చుకున్నాడు. దాన్ని అరుగు మీద పెట్టి, కాగితం తీసి, ఇల్లిల్లూ తిరిగి ఒకే ప్రశ్న అడిగాడు: "ఈయన్ని మీరేమని పిలుస్తారు?"

పక్కింటివాళ్ళు బాబాయ్ అంటామన్నారు. ఎదురింటివాళ్ళు అన్నయ్యా అంటామన్నారు. పిల్లలు నాన్నా అనీ, అల్లుడు మావయ్యగారూ అనీ అంటారని తేలింది. పేరు పెట్టి పిలిచే హక్కు నిజానికి ఐదుగురు అక్కలకుంది. కానీ వాళ్ళు ఐదుగురూ ఇప్పటికీ 'బుడ్డోడు' అనే అంటారు. పుల్లంరాజు మేస్త్రీ మెమో గుర్తొచ్చి, 'నీళ్ళాయనా' అంటానన్నాడు. టీకొట్టువాడు మంచోడు, సూటిగా చెప్పాడు: "ఆయన పేరేదో ఉందటండీ. మొన్న శాలువా కప్పినప్పుడే తెలిసింది."

చివరికి సర్వేయరు పియేరునే అడిగాడు. "పోనీ మిమ్మల్ని మీరేమనుకుంటారు?"

పియేరు బుర్ర గోక్కున్నాడు. "తప్పు చేసినప్పుడు 'ఒరే ఎదవా' అనుకుంటానండి. మంచి పని చేసినప్పుడు ఏవీ అనుకోనండి."

సర్వేయరు 'వినియోగము: శూన్యము' అని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం పియేరు సొంతపేట వాల్వు గుంట గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. ఇల్లు పడిపోతే మళ్ళీ వేసుకోవచ్చు. తాత ఇచ్చిపోయింది ఆ పేరొక్కటే, అదీ పదకొండేళ్ళు కనిపెట్టుకుని ఇచ్చింది. దాన్ని ఇన్నేళ్ళూ వేసుకు తిరుగుతున్నాననుకున్నాడు. తీరా చూస్తే ఒంటి మీద లేదు, ఇంకా అటక మీదే ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. తనది ఊరూ దిబ్బే, పేరూ దిబ్బే. మఫ్లరొకటి మిగిలింది.

ఇంటికెళ్ళి చేప తోముతున్న నూకరత్నం పక్కన చతికిలబడ్డాడు.

"నా పేరు ఎవరూ వాడట్లేదంట. బంజరంట."

నూకరత్నం చేప తోమటం ఆపింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువగా ఆ పేరుని వాడకుండా ఉంచింది తనే. ఆయుష్షు తగ్గకుండా కాపాడుతున్నాననుకుంటూ ముప్పై ఏడేళ్ళు పస్తు పెట్టింది. ఆమెకి చాలా తప్పుగా తోచింది. చేప మీద ఇంకో చెంబెడు నీళ్ళు పోసింది, అక్కర్లేకపోయినా.

నాలుగు రోజులకి విచారణ జరిగింది. పియేరు నీళ్ళు వదిలే వేళకి, సొంతపేట వాల్వు దగ్గరే పెట్టారు, ఉద్యోగ విధులకి ఆటంకం కలగకుండా. కమిషనరుగారికి కుర్చీ వేశారు. సర్వేయరు గొలుసుతో నిలబడ్డాడు. పుల్లంరాజు మేస్త్రీ తల దించుకుని ఒక పక్కన నిలబడ్డాడు. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు బిందెల సంగతి మరిచిపోయి చూస్తున్నారు. పియేరు గుంటలోకి వంగి, ఇనప తాళం పెట్టి వాల్వు తిప్పుతున్నాడు. నీళ్ళు గొట్టంలో హోరున మొదలయ్యాయి.

కమిషనరుగారు లేచి చదివారు. "సదరు పేరును దైనందిన గృహావసరములకు వినియోగించువారెవరైనా ఉన్నచో, ముందుకు వచ్చి, సదరు వినియోగమును నిరూపించవచ్చును."

ఎవరూ కదల్లేదు. అప్పుడు నూకరత్నం చేతిలో బిందె కింద పెట్టి ముందుకొచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది. తూర్పు తిరిగి దణ్ణం పెట్టి చెంపలేసుకుంది. ఆమె ఏం చెయ్యబోతోందో అర్థమై ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు.

"పియేరూ!" అంది.

గట్టిగానే అంది. వీధి మొగదాకా వినపడింది.

పియేరు తలెత్తలేదు.

"పియేరూ!"

అతను తాళాన్ని ఇంకో చుట్టు తిప్పాడు. ఏదో రాజధాని గురించి మాట్లాడుకుంటున్నారనుకున్నాడు పాపం. నాలుగు నెలలుగా ఆ పేరు ఎక్కడ వినపడ్డా ఆ ఊరి సంగతే మరి. పైగా ఆ పేరుతో ఆడగొంతు తనని పిలవటం అతనికి పుట్టి బుద్ధెరిగాక తెలీదు.

"పియేరూ!" మూడోసారి ఆమెకి ఏడుపొచ్చేసింది.

ఆ ఏడుపుకి తిరిగాడతను. పేరుకి కాదు. చూస్తే అందరూ తనవైపే చూస్తున్నారు, నూకరత్నం కళ్ళ నిండా నీళ్ళు.

"నన్నేనా?" అన్నాడు.

కమిషనరుగారు సర్వేయరుకు చెప్పి రాయించారు: "ముమ్మారు పిలువగా సదరు వ్యక్తి సదరు పేరుకు స్పందించలేదు. కావున పేరు బంజరని నిర్ధారించడమైనది."

నూకరత్నం నెత్తి కొట్టుకుంది. "సచ్చినోడా, నిన్నే!" అంది. అది పేరు కిందికి రాదని సర్వేయరు చెప్పాడు.

మర్నాటి నుంచి పియేరు అన్న పేరు పురపాలక సంఘానికి దఖలు పడింది. ఆఫీసు ముందు దాన్ని పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించారు. హాజరు పట్టీలో మాత్రం 'కొప్పాడి' అన్న ఇంటిపేరు తరవాత ఒక గీత మిగిలింది. మరో పేరు పెట్టుకోవటానికి దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో బారసాల చేసుకునే ఓపిక అతనికి లేదు. మఫ్లరు మడిచి పెట్టెలో పడేశాడు.

మూడో రోజు పొద్దున దొడ్లో పళ్ళు తోముకుంటున్నాడు.

"పియేరూ! కాఫీ సల్లారిపోతంది!"

ఈసారి మొదటి పిలుపుకే తిరిగాడు. చేతిలో బ్రష్షు జారి కింద పడింది. నూకరత్నం గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో తడబాటేం లేదు.

"అదేంటే? తప్పు గదా?"

"ఏం తప్పు? మొగుడి పేరైతే పలకకూడదు గానీ, ఇప్పుడది మునిసిపాలిటీ పేరు గదా. బోర్డు పేరు ఎవురైనా పలకొచ్చు."

ఇక ఆమెకి పట్టపగ్గాల్లేకపోయాయి. ముప్పై ఏడేళ్ళ బాకీ ఏదో తీర్చుకుంటున్నట్టు, అన్నానికీ పియేరూ, నీళ్ళకీ పియేరూ, ఊరికే ఉన్నావా అని తెలుసుకోవటానికీ పియేరూ. ఆయుష్షు సంగతి గుర్తొస్తే, తగ్గితే మునిసిపాలిటీ ఆయుష్షే గదా తగ్గేది అని సర్దిచెప్పుకునేది. వీధిలో ఆడవాళ్ళు మొదట నవ్వారు, తరవాత వాళ్ళకీ నోటికి పట్టుకుంది. ఐదుగురు అక్కలూ ఫోన్లు చేసి, వేరే ఏ మాటా లేకుండా, ఆ పేరుతో పిలిచి ఫోను పెట్టేశారు. పుల్లంరాజు మేస్త్రీ కూడా అటూ ఇటూ చూసి, ఎవరూ లేనప్పుడు, "ఒరే పియేరూ, లైను లీకవుతందిరా" అనటం మొదలుపెట్టాడు. పియేరు అయిదు కిలోలు ఒళ్ళు చేశాడు.

ఈ సంగతి పై వరకూ పాకింది. సంఘపు ఆస్తిని అనుమతి లేకుండా గృహావసరాలకి ఎందుకు వినియోగిస్తున్నారో సంజాయిషీ ఇవ్వమని నూకరత్నానికి నోటీసొచ్చింది. ఆమె వేలిముద్ర వేసి జవాబు రాయించింది: 'అయ్యా, బంజరుగా ఉంటే తీసుకుంటామన్నారు, బంజరుగా ఉంచమన్లేదు.' కమిషనరుగారు ఆ కాగితాన్ని రెండు వారాలు చూసి, న్యాయసలహాకి పంపించారు.

ఆ సలహా రాకముందే ప్రభుత్వానికి సోదర నగరాల మీద మనసు విరిగి పక్షుల మీదికి మళ్ళింది. ప్రతి పురపాలక సంఘానికీ తొంభై రోజుల్లో ఒక అధికారిక పక్షి ఉండాలన్నారు. నెమలీ హంసా గరుత్మంతుడూ మొదటి వారంలోనే అయిపోయాయి. కమిషనరుగారు మళ్ళీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. పాత పథకం రద్దయింది గనక దాని కింద తీసుకున్నవన్నీ ఎవరివి వాళ్ళకి వాపసు చెయ్యాలని ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అమెరికాలో ఆ ఊరికి ఇవేవీ తెలియవు. దాని మానాన అది నది ఒడ్డున హాయిగా ఉంది.

ఆ ఉత్తర్వు పట్టుకుని పుల్లంరాజు మేస్త్రీ స్వయంగా పియేరు ఇంటికొచ్చాడు. మనిషి సంబరంగా ఉన్నాడు.

"ఒరే పియేరూ! నీ పేరు నీకిచ్చేశార్రా! ఇదిగో ఆర్డరు. ఇక్కడ సంతకం పెట్టు, ఇది మళ్ళీ నీదైపోద్ది."

పియేరు చెయ్యి చాపాడు. చాపినవాడు టక్కున ఆగాడు. ఒకసారి ఇంట్లోకి తొంగి చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడవుతోంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మేస్త్రీగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది తీసుకుంటే మళ్ళీ దాని మొగుడి పేరైపోద్ది గదండీ."

"అవుద్ది. నీదేగా."

"ఇంక అది పలకదండి."

పుల్లంరాజు కాగితం వంక చూశాడు, పియేరు వంక చూశాడు. ఇరవై రెండేళ్ళుగా తిట్టిన మనిషిని మొదటిసారి సరిగ్గా చూసినట్టు చూశాడు.

"మరేం రాయమంటావు?"

"సదరు పేరు గలాయన ఈ ఇంట్లో లేడని రాసెయ్యండి. దణ్ణం పెడతాను."

మేస్త్రీ అరుగు మీద కూర్చుని, కాగితం వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని రాయసాగాడు. 'పై చిరునామాలో వాకబు చేయగా పియేరు అను వ్యక్తి ఎవరును...'

"పియేరూ!" లోపల్నించి నూకరత్నం కేకేసింది. "ఎవురొచ్చారు?"

"ఎవుర్లేరే, వత్తన్నా!" అన్నాడు పియేరు.

మేస్త్రీ 'లేరు' అని పూర్తి చేసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.